చలికాలం చిల్లా

ముస్లింల చరిత్ర అనగానే గోల్కొండ కోట, చార్మినారు, నవాబుల సమాధులు. ముస్లిం స్త్రీ చరిత్ర అనగానే బుర్ఖా, తలాక్. ఈ రెండింటికీ నడుమ మా ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళల్లో నులక మంచాలున్నాయి. ఆ మంచాల మీద చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ బిగించి, పసిగుడ్డును పక్కలో వేసుకున్న బాలింతలున్నారు. వాళ్ళను గురించి చరిత్ర రాసేవాళ్ళు పట్టించుకున్నది తక్కువ. మేం కూడా రాసుకోలేదు. రాజుల చరిత్ర మాది కాదని వాదించిన మేం, మరి మాది ఏది అని అడిగితే ఎక్కడ వెతకాలో తెలియక చాలాకాలం తడుముకున్నాం. ఇప్పుడు బాలింత గదిలో వెతుకుతున్నాం. అదీ చలికాలపు బాలింత గదిలో.

మా ఇళ్ళల్లో కాన్పయిన తర్వాత నలభై రోజులను చిల్లా అంటారు. ఫార్సీలో నలభైకి చెహెల్ అని పేరు, దాన్నుంచి వచ్చిన మాట ఇది. ఫకీరు లోకం విడిచి నలభై రోజులు ఏకాంతంలో కూర్చుంటే అదీ చిల్లాయే. కాశ్మీరంలో డిసెంబరు 21 నుంచి నలభై రోజులపాటు ఎముకలు కొరికే చలిని చిల్లా-ఎ-కలాన్ అంటారు, అంటే పెద్ద చిల్లా. విల్లుకు కట్టే తాడునూ ఉర్దూలో చిల్లా అనే అంటారు. బాలింత, ఫకీరు, చలి, వింటితాడు అన్నీ ఒకే మాటలో ఇరుక్కుని ఉన్నాయి. ఫకీరు చిల్లా పట్టిన చోటును జనం దర్గాలా మొక్కుతారు. బాలింత చిల్లా పట్టిన గదిని మాత్రం నలభయ్యో రోజున కడిగేసి, మళ్ళీ ధాన్యం బస్తాలు వేసుకుంటారు.

ఈ గదిని గురించి వివరంగా రాసినవాడు మన ఏలూరు వాడే. పేరు జాఫర్ షరీఫ్. ఆయన రాసిన 'ఖానూనె ఇస్లాం' అనే పుస్తకాన్ని మద్రాసు కొలువులో ఉన్న హెర్క్‌లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. దక్కను ముస్లింల ఆచారాలన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం యుద్ధంతోనో, రాజవంశంతోనో మొదలుకాదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి ఏడో నెలలో చేసే సత్వాసాతో, కాన్పుతో, ఆరో నాటి ఛట్టీతో, చిల్లాతో మొదలవుతుంది. మొగవాడు రాసిన పుస్తకం కనుక తంతులు తెలుస్తాయి. ఆ తంతుల మధ్య పొద్దుపోని నలభై రోజులు ఆ తల్లి ఏం చేసింది, ఏం పాడుకుంది, చేతులకు ఏం పని పెట్టుకుంది అన్నది మా నానీలు, దాదీల నోట వినాల్సిందే.

పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు. అలాంటి రోజుల్లో కాన్పయితే ఇల్లంతా వేడి చుట్టూ తిరుగుతుంది. మంచం కింద కుంపటి. అందులో సాంబ్రాణి, వాము పొగ. కిటికీకి గోనెపట్టా. తెల్లవారగానే హరీరా: బాదం, గసగసాలు, బెల్లం, నెయ్యి వేసి కాచిన చిక్కటి పాయసం లాంటిది. బాదం కొనలేని ఇంట్లో రవ్వ, బెల్లంతోనే హరీరా. మధ్యాహ్నం వెల్లుల్లి కారం, శొంఠి. కలిగినవాళ్ళకి మేకకాళ్ళ పాయా. ఎండు ఖర్జూరం మాత్రం పేదింట్లోనూ నాలుగైనా ఉండేవి. నొప్పులు పడుతున్న మరియం తల్లి ఖర్జూరం చెట్టు మొదట్లో కూలబడిందని, ఆ పళ్ళే తినమని ఆమెకు ఆజ్ఞ అయిందని ఖురాన్‌లో ఉంది. చదువురాని దాదీలు కూడా ఖర్జూరం చేతిలో పెడుతూ ఆ కథ చెప్పేవాళ్ళు.

ఇందులో ఏది మాది? ఏది పక్కింటివాళ్ళది? శొంఠి, వాము, వెల్లుల్లి, కుంపటి, సాంబ్రాణి అన్నీ పక్క వీధి బాలింతకూ ఉన్నాయి. మా ఛట్టీ ఆరో రోజున, వాళ్ళ పురుడు పదకొండో రోజున. కాన్పు చేసిన మంత్రసాని మాత్రం చాలా ఊళ్ళల్లో ఒక్కతే. మా గుమ్మంలోకి వచ్చినప్పుడు బిస్మిల్లా అని, వాళ్ళ గుమ్మంలో వాళ్ళ దేవుణ్ణి తలుచుకుని బొడ్డు కోసింది. మేం ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళమని అనేవాళ్ళు ఒకసారి మా బాలింతకు పెట్టే పథ్యం చూస్తే చాలు. ఈ నేల మీద పుట్టినవాళ్ళం కనుకనే ఈ నేల మీద పండిన వామే మా తల్లుల కడుపు కాచింది.

ఇంకోవైపు నుంచి మా పెద్దలూ మమ్మల్ని మందలించారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళల్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బహిష్తీ జేవర్' రాశారు. పెళ్ళికూతుళ్ళకు కానుకగా ఇచ్చే పుస్తకమది. కాన్పు చుట్టూ అల్లుకున్న తంతుల్ని ఆయన తప్పుపట్టారు. నలభై రోజులనేది మైలకు గరిష్ఠ హద్దే కాని తప్పనిసరి లెక్క కాదని, ముందే శుద్ధి అయితే స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలని చెప్పారు. మసలా ప్రకారం అది సరైన మాటే. కాని మా తల్లులు నలభై రోజుల్ని పట్టుకు వేలాడింది మసలా తెలియక మాత్రమే కాదు. అత్తగారింట్లో నీళ్ళబిందె, తిరగలి, పొయ్యి వాళ్ళకోసం కాచుకుని ఉన్నాయి. శుద్ధి అయిందని ఒప్పుకుంటే ఆ మర్నాడే వాటి దగ్గరికి వెళ్ళాలి. చిల్లా వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క సెలవు. దాన్ని మతం పేరు మీద దాచుకున్నారు.

మా చాంద్రమాన నెలలు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ముప్పై మూడేళ్ళకు రుతువులన్నీ చుట్టి వస్తాయి. 1966 డిసెంబరులో రంజాన్ వచ్చింది. మళ్ళీ 1998 డిసెంబరులో వచ్చింది. చలికాలపు రంజాన్‌లో పురుడు పోసుకున్న తల్లికి, ఆమె కూతురికి నడుమ ఒక కాలచక్రం తిరిగిందన్నమాట. బాలింతకు రోజా లేదు. తర్వాత ఎప్పుడో ఆ రోజాలు తీర్చుకోవాలి. ఇల్లంతా పస్తున్న పగటి పూట పరదా వెనక ఆమె ఒక్కతే సిగ్గుపడుతూ అన్నం తినేది. తెల్లవారుజామున సహ్రీకి లేపేవాడి కేక వినిపించేసరికి ఆమె ఎలాగూ మేలుకునే ఉండేది. బిడ్డ పాలకు లేచి ఉండేది కదా.

మరి ఆ మేలుకున్న గంటల్లో ఏం చేసేది? మొదటిది పాట. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ సూఫీలు దక్కనీలో చక్కీనామాలు, చర్ఖానామాలు, లోరీనామాలు అల్లారు. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ, ఉయ్యాల ఊపుతూ ఆడవాళ్ళు పాడుకునే పాటలవి. ఇస్లాం మామూలు ఇళ్ళల్లోకి ఇలా పాటల దారిన వచ్చిందని చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. కత్తి పట్టుకుని వచ్చిందని బడిపుస్తకాలు చెప్పిన మతం మా గడపలోకి తిరగలి పిడి పట్టుకుని వచ్చింది. దాన్ని తెచ్చింది మా అమ్మలు. బిడ్డకు మొదట చెవిలో పడేది తండ్రి చెప్పించే అజాన్. ఆ తర్వాత నలభై రోజులూ పడేది అమ్మ లోరీ. మేం మాట్లాడే ఉర్దూ కాని ఉర్దూ, తెలుగు కాని తెలుగు అక్కడే పుట్టింది.

రెండోది బొంత. పాత చీరలు, లుంగీ ముక్కలు, తెగిన ఓణీలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోతే పసిబిడ్డకు గోదడీ తయారవుతుంది. చలికాలపు బాలింతకు ఇది ముద్దు, ఇది అవసరం. ఏ ముక్క ఎవరిదో ఆమెకు తెలుసు. చనిపోయిన నానీ చీర చెంగు సరిగ్గా బిడ్డ గుండె మీదకు వచ్చేలా వేసేది. మా ఇళ్ళల్లో వంశవృక్షాలు లేవు. గోదడీలున్నాయి.

మూడోది చదువు. 1898లో లాహోరులో ముహమ్మదీ బేగం సంపాదకత్వంలో 'తహజీబె నిస్వాన్' పత్రిక వచ్చింది. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా 'అన్నిసా' నడిపారు. చదువు వచ్చిన ఇళ్ళల్లో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవాళ్ళు. ఉర్దూ రాని మా కోస్తా, రాయలసీమ ఇళ్ళల్లో బాలింత దిండు కింద తెలుగు వారపత్రిక ఉండేది. యద్దనపూడి సీరియల్ కోసం బిడ్డ నిద్రపోయే క్షణానికి ఎదురుచూసిన అమ్మీలు మాకు తెలుసు. ఆ కథల్లో మా పేర్లు ఉండేవి కావు. అయినా చదివారు.

ఇక్కడ ఆగి మమ్మల్ని మేం ఒకటి అడుగుకోవాలి. ఈ నలభై రోజులు మాలో అందరికీ దక్కాయా? సయ్యద్ ఇంటి బాలింతకూ, దూదేకుల ఇంటి బాలింతకూ చిల్లా ఒక్కటేనా?

దూదేకుల ఇంట్లో చలికాలమే పని కాలం. జనం రజాయిలు, పరుపులు కుట్టించుకునేది అప్పుడే. బాగ్దాదులో 922లో ఉరికంబం ఎక్కిన మన్సూర్ పేరులోని హల్లాజ్ అంటే దూది ఏకేవాడని అర్థం. ఆ పేరు మీద కవిత్వం చెప్పుకునే పెద్దింటి సాయిబులు, గుమ్మం ముందు దూది ఏకే నూర్‌బాషాను పక్కన కూర్చోబెట్టుకోలేదు. పిల్లనివ్వలేదు. ఆ ఇంటి బాలింత పదో రోజుకే లేచి దూదిలో కూర్చునేది. వింటితాడు మోగుతుంటే దూదిపింజలు గాలిలో లేచి బిడ్డ ముక్కు మీద వాలేవి. ఊరందరి పిల్లలకు రజాయిలు కుట్టిన చేతులతో తన బిడ్డకు మాత్రం మిగిలిన తుక్కుదూదితో బొంత కుట్టింది. ఒకరికి కాలక్షేపం అయిన కుట్టు ఇంకొకరికి కూలి. వింటితాడుకు చిల్లా అని పేరు పెట్టిన భాషకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లులదీ ఇదే కథ. ప్రసూతి సౌకర్యాల చట్టం 1961లో వచ్చింది. పన్నెండు వారాల సెలవన్నది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్ళనూ కార్మికులుగానే లెక్కపెట్టింది. 2017లో సెలవును ఇరవయ్యారు వారాలకు పెంచారు. కాగితం మీద చిల్లాకు నాలుగింతలు దాటింది. కాని వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టే పనిలో, పేరు మీద కార్డే లేని తల్లికి ఎవరు సెలవిస్తారు? ఒళ్ళో ఒకపక్క బిడ్డ, ఒకపక్క చాట. తునికాకు, తంబాకు ఉన్న చేతులే బిడ్డ నోటి దగ్గరికి పోతాయి. చిల్లాను మతమూ కాపాడలేదు, చట్టమూ కాపాడలేదు.

చలికాలం అంటే మాకు ఇంకొక జ్ఞాపకం ఉంది. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో మతకలహాలు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత. మళ్ళీ కర్ఫ్యూలు. 1990లో మా గల్లీలో పన్నెండు రోజుల బాలింత ఒకామె ఉండేది. పాలవాడు రాలేదు. వాము అయిపోయింది. కుంపటికి బొగ్గులు లేక పాత కుర్చీ కాళ్ళు విరగ్గొట్టి వేశారు. రాత్రుళ్ళు బిడ్డ ఏడుపు బయటికి వినిపించకుండా రజాయి కింద పెట్టుకుని కూర్చునేది. ఆమె చేతిలో సగం కుట్టిన గోదడీ ఉండేది. ఆ పదిరోజుల్లో పూర్తిచేసింది. భయం వేసినప్పుడల్లా కుట్టాను, అందుకే కుట్లు ఇంత దగ్గరగా పడ్డాయి అని తర్వాత నవ్వుతూ చెప్పింది. ఆ కలహాల మీద వార్తలు వచ్చాయి, లెక్కలు వచ్చాయి. ఆ కుట్లు ఏ లెక్కలోకీ రాలేదు.

లెక్కలంటే గుర్తొచ్చింది. ముస్లిం బాలింత బయటివాళ్ళకు కనబడేది ఒక్క చోటే: జనాభా గోలలో. వీళ్ళకు పిల్లలెక్కువ, రేపు మనల్ని మించిపోతారు అనే గోల. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి ఆ సగటు 2.4కు దిగింది. అదే కాలంలో హిందూ స్త్రీల సగటు 3.3 నుంచి 1.9కి దిగింది. దూరం తగ్గుతూనే వచ్చింది. అంకెలతో జవాబు చెప్పడం మాకూ వచ్చు. కాని అసలు బాధ అంకె తప్పయినందుకు కాదు. పాట పాడిన గొంతును, బొంత కుట్టిన చేతిని, దిండు కింద పత్రిక దాచుకున్న మనిషిని ఒట్టి అంకె చేసినందుకు.

ఇప్పుడు కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. దూది ఏకే విల్లు మూలపడి యంత్రం వచ్చింది. గోదడీకి బదులు బజారు దుప్పటి. కుంపటి పొగ పోయినందుకు మాకు విచారం లేదు. పసిబిడ్డ ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. పోగొట్టుకోకూడనిది పొగ కాదు. నలభై రోజులు ఒక తల్లికి అన్నం వండిపెట్టి, నువ్వు కూర్చో అని చెప్పిన ఇల్లు. అది పెద్దింటికే కాదు, దూదేకుల ఇంటికీ, బీడీ చుట్టే ఇంటికీ అందాలి.

ఈ చలికాలంలో మీ ఇంట్లో బాలింత ఉంటే వెళ్ళి కాసేపు కూర్చోండి. మీ అమ్మనో అత్తనో మొదటి బిడ్డ పుట్టినప్పుడు చలి ఎలా ఉండిందని అడగండి. చెప్పింది రాసిపెట్టండి. కోటలు ఎవరూ ఎత్తుకుపోరు. ఆ మాటలు మాత్రం వాళ్ళతోనే పోతాయి.