సూరత్ సభ్యుడి ప్రధానమంత్రిత్వం: 1977–79 అనుభవంలో ప్రధాని అధికార పరిధి

సూరత్ అనగానే మన పాఠకులకు చీరల మార్కెట్, తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలసపోయిన నేత కుటుంబాలు గుర్తొస్తాయి. రాజ్యాంగ చరిత్రలో ఆ నియోజకవర్గానికి మరో ప్రాముఖ్యం ఉంది. 1957 నుంచి వరుసగా ఐదు లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ గెలిచిన మొరార్జీ దేశాయ్ 1977 మార్చి 24న ప్రధాని అయ్యారు. ఆ పదవి బలం చేతిలో ముందు దెబ్బతిని, తర్వాత దాన్ని తానే ప్రయోగించి, చివరికి పోగొట్టుకున్నారాయన. ప్రధాని అధికారం ప్రధానంగా సభలోని సంఖ్య మీద నిలుస్తుందనీ, రాజ్యాంగ పాఠం దాన్ని కట్టడి చేసే చోట్లు చాలా తక్కువనీ ఆయన ఉదంతం చెబుతోంది.

ప్రధాని గురించి రాజ్యాంగం పొదుపుగానే మాట్లాడుతుంది. 75వ అధికరణ ప్రకారం ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు. మిగతా మంత్రులను ప్రధాని సలహాపై నియమిస్తారు. మంత్రిమండలి ఉమ్మడిగా లోక్‌సభకు జవాబుదారీ. పాలన వివరాలను రాష్ట్రపతికి తెలియజేసే బాధ్యతను 78వ అధికరణ ప్రధానిపై పెట్టింది. శాఖల పంపకం కూడా ప్రధాని సలహాపైనే జరుగుతుంది. చూడ్డానికి చిన్న విషయమే గానీ, అసలు పట్టు అక్కడే ఉంది.

ఆ పట్టు ఎలాంటిదో మొరార్జీకి 1969లోనే తెలిసింది. ఉపప్రధానిగా ఉన్న ఆయన నుంచి జులై 16న ఇందిరాగాంధీ ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. మూడు రోజులు తిరక్కుండానే 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. ఉపప్రధాని హోదా ఉంచుకోమన్నా ఆయన ఉండలేదు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి చేతిలో ఓడింది ఆ మరుసటి నెలలోనే.

1978 మధ్యలో మొరార్జీ అదే ఆయుధం పట్టారు. హోంమంత్రి చరణ్ సింగ్‌ను, ఆరోగ్యమంత్రి రాజ్ నారాయణ్‌ను రాజీనామా అడిగారు. ఇద్దరూ తప్పుకున్నారు. కానీ పలు పార్టీలు కలిసి ఏర్పడిన జనతాలో చరణ్ సింగ్ వెంట ఉన్న సభ్యులు ప్రధానికి రుణపడి సభకు వచ్చినవాళ్లు కారు. మంత్రిని తీసేస్తే ఆయన బలగం పోదు. డిసెంబరులో చరణ్ సింగ్ ఢిల్లీలో భారీ రైతు సభ పెట్టారు. 1979 జనవరిలో ఉపప్రధానిగా, పైగా ఆర్థికమంత్రిగా తిరిగొచ్చారు. 1971 తర్వాతి ఇందిరకూ 1978 నాటి మొరార్జీకీ రాజ్యాంగం ఇచ్చిన అధికారం ఒక్కటే. వెనకున్న సభ్యులే వేరు.

1979 జులైలో ప్రతిపక్ష నేత వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఫిరాయింపులు మొదలయ్యాయి. ఓటింగ్ దాకా ఆగకుండా మొరార్జీ 15న రాజీనామా చేశారు. అప్పటికి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సంజీవరెడ్డే. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, మిగిలిన నంద్యాలలో జనతా తరఫున గెలిచింది ఆయనే. ఆయన ప్రభుత్వ ఏర్పాటుకు ముందు చవాన్‌ను పిలిచారు, కుదరలేదు. తర్వాత మొరార్జీ, చరణ్ సింగ్‌ల నుంచి మద్దతుదారుల జాబితాలు తెప్పించుకుని, జులై 28న చరణ్ సింగ్ చేత ప్రమాణం చేయించారు. ఇందిర మద్దతు ఉపసంహరించడంతో చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇస్తూ సభ రద్దుకు సలహా ఇచ్చారు. 22న సభ రద్దయింది. మొరార్జీ తర్వాత జనతా నాయకుడైన జగ్జీవన్ రామ్‌కు అవకాశమే రాలేదు. విశ్వాసాన్ని ఒక్కసారీ రుజువు చేసుకోని ప్రధాని సలహాకు అంత బరువివ్వడం నా దృష్టిలో సమర్థించడం కష్టం. ఆపద్ధర్మ ప్రభుత్వం కొత్త విధానాలు, పెద్ద ఖర్చుల జోలికి పోదన్న హామీని మాత్రం సంజీవరెడ్డి తీసుకున్నారు.

ఈ గందరగోళంలో మరుగునపడింది 44వ సవరణ. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితిని కోరుతూ రాష్ట్రపతికి పంపిన లేఖలో, మంత్రివర్గాన్ని సమావేశపరిచే వ్యవధి లేదని, 1961 నాటి కార్యనిర్వహణ నిబంధనల్లోని 12వ నిబంధన కింద మినహాయింపు తీసుకుంటున్నానని ఇందిర రాశారు. మంత్రివర్గం ఆమోదం మర్నాడు తెల్లవారాక వచ్చింది. ఆలోగానే అరెస్టయినవారిలో సూరత్ ఎంపీ ఒకరు. ఆయన ప్రభుత్వం తెచ్చిన సవరణతో 352వ అధికరణ మారింది: కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించరాదు. రాజ్యాంగంలో కేబినెట్ అన్న మాట కనిపించేది ఆ ఒక్క అధికరణలోనే. మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలు 74వ అధికరణలో చేరిందీ అప్పుడే. 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్ విషయాల్లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని వాడారు. ఈ రెండు మార్పులూ 1979 జూన్ 20న అమల్లోకి వచ్చాయి, మొరార్జీ రాజీనామాకు నెల కూడా ముందు కాదు.

12వ నిబంధనను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2019 నవంబరు 23న, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసింది మంత్రివర్గ సమావేశం లేకుండా, అదే నిబంధన కింద.