గుత్తివంకాయ కూరా, ఇరవై ఏళ్ళ హక్కూ

హైదరాబాదులో ఎవరినైనా వేళాకోళం చెయ్యాలంటే "ఎర్రగడ్డకి పంపాలి" అనేస్తారు. ఇక్కడే కాపురముంటున్న నాకు ఆ మాట అలవాటైపోయింది లెండి. కానీ ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. కాస్త అవతల బాలానగర్‌లో రష్యావాళ్ళ సాయంతో కట్టిన ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనిచేసినవాళ్ళు కొందరు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు వాళ్ళలో ఒకరు.

వాళ్ళకి కలిసొచ్చింది 1970 నాటి పేటెంటు చట్టం. గుత్తివంకాయ కూర ఉందనుకోండి. మీరు వండిన పద్ధతి మీదే మీకు హక్కు, కూర మీద కాదు. పక్కింటావిడ మరో పద్ధతిలో అదే కూర వండి సగం ధరకి అమ్మితే మీరు అడ్డుపడలేరు. మందుల విషయంలో ఆ చట్టం అలా ఉండబట్టే మన దగ్గర అవి చవకయ్యాయి.

ధనిక దేశాలు ఊరుకుంటాయా? 1994లో మరాకెష్‌లో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో చాలా సంగతులున్నా, మనవరకు బేరం ఇదీ: మీ బట్టల మీద మేం పెట్టిన కోటాలు ఎత్తేస్తాం, మందుల మీద ఇరవై ఏళ్ళ హక్కు మీరు ఒప్పుకోండి. రెండూ 2005 జనవరి 1 నాటికే పూర్తిగా అమలయ్యాయి. ఇక కూర మీదే హక్కన్నమాట!

అయితే ఆ ఒప్పందంలోనే ఒక సందు ఉంది. పేటెంటు ఉన్న మందునైనా తయారు చెయ్యడానికి ప్రభుత్వం మరొకరికి అనుమతి ఇవ్వొచ్చు. మన హైదరాబాదు కంపెనీ నాట్కో అందుకు దరఖాస్తు పెట్టింది. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకి వాడే బేయర్ వారి మందు నెలకి సుమారు 2,80,000 రూపాయలు. ఏ ఇల్లాలి గాజులు అమ్మితే వస్తుంది అంత? నాట్కో 8,800కే ఇస్తానంది. 2012 మార్చిలో అనుమతి వచ్చింది. బేయర్‌కి రాయల్టీ కట్టాలన్నారు. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 2014లో చుక్కెదురైంది.

ఆ తర్వాత అలాంటి అనుమతి మరొక మందుకి దక్కలేదు. ఏటా అమెరికా వేసే హెచ్చరిక జాబితాలో మన పేరుంటుంది మరి!

మామూలు మందులకి లొంగని క్షయకి వాడే బెడాక్విలిన్ కథ వేరు. దాని హక్కు పొడిగించొద్దని 2019లో అభ్యంతరం దాఖలు చేసినవాళ్ళలో ఇద్దరు యువతులున్నారు. ఒకరు మనదేశం, ఒకరు దక్షిణాఫ్రికా. 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం పొడిగింపు నిరాకరించింది. జూలైలో అసలు పేటెంటు గడువు తీరింది. ఆ ఇద్దరూ క్షయకి వాడిన పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు.