డెడ్ అనుకున్న బోర్డు

2025 అక్టోబరు 14తో విండోస్ 10 సపోర్టు గడువు తీరింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి. ఆ లెక్కకు అందని సిస్టమ్‌లు ఆఫీసుల నుంచి, కాలేజీ ల్యాబుల నుంచి దిగిపోతున్నాయి. వైజాగ్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్తవలస లాంటి ఊళ్లకు చేరేసరికి అవే కొత్త సిస్టమ్‌లు. డిగ్రీ చదివే అమ్మాయికి, జిరాక్స్ షాపుకు, ధాన్యం వ్యాపారి పద్దులకు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ చక్కగా సరిపోతుంది. ఏదో ఒక రోజు అది ఆన్ అవదు. చూసినవాళ్లు ‘బోర్డు పోయింది’ అనేస్తారు.

2026 ఆగస్టు 12కి ఐబీఎం పీసీ పుట్టి 45 ఏళ్లు. ఈ సందర్భంలో ఆ ‘పోయింది’ అనే తీర్పు వెనక ఉన్న చరిత్ర చెప్పుకోవాలి. పోయిందన్న బోర్డుల్లో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది. ఆ ప్రాణం ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకోవడం ఒక విద్య. అది చిన్న ఊళ్ల రిపేరు బల్లల మీద పెరిగింది.

కళాయి కొలిమి నుంచి రేడియో షాపు దాకా

లోహానికి మళ్లీ పని నేర్పడం ఉత్తరాంధ్రకు తరతరాలుగా తెలుసు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానుకు పేరుమోసింది. ఊరూరా తిరిగి మాట్లు వేసేవాళ్లు, కళాయి పెట్టేవాళ్లు ఉండేవారు. గిన్నె బాగా వేడెక్కాక నవసారం చల్లి, తగరం ముక్క రుద్ది, దూదితో చుట్టూ తుడిచేవారు. నవసారం లోహం మీది మకిలిని తినేస్తేనే తగరం పట్టుకుంటుంది. సోల్డరింగ్ బల్ల మీద ఫ్లక్స్ చేసే పని కూడా ఇదే. సోల్డర్ తీగలో ఎక్కువ పాలు కూడా తగరమే.

1893-96 మధ్య ఈ ప్రాంతానికి ఈస్ట్‌కోస్ట్ రైలు మార్గంతో పాటు దాని టెలిగ్రాఫ్ తీగలూ వచ్చాయి. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఇనుప ఖనిజం ఒప్పందం కుదిరింది. ఆ దశాబ్దంలోనే బైలదిల్లా ఖనిజాన్ని వైజాగ్ రేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ మార్గం పడి, కొత్తవలస జంక్షన్ అయింది. 1963లో విశాఖ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఊళ్లలో రేడియోలు పెరిగాయి, వాటితో పాటే రేడియో మెకానిక్‌లూ పెరిగారు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, తర్వాత టీవీలు వచ్చాయి. బల్ల, ఐరన్, మీటరు మాత్రం అవే.

కంప్యూటర్ మన రాష్ట్రానికి వచ్చింది హైదరాబాద్ మీదుగా. ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అక్కడ 1967లో పుట్టింది. దానికి సారథి పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. 1969లో ఆ సంస్థ టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయినప్పుడు, ఇక్కడ మిగిలిన దాని యంత్రాల బాగోగులు ప్రభుత్వ రంగ సీఎంసీ చూసుకుంది. చేసినవాడు వెళ్లిపోయినా యంత్రాన్ని నడిపించవచ్చని మనవాళ్లకు అలా అనుభవంలోకి వచ్చింది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి ఒక గొప్ప గుణం ఉండేది. దాని టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో బోర్డు సర్క్యూట్ పటాలు, బోర్డును నిద్రలేపే బయోస్ ప్రోగ్రామ్ మొత్తం అచ్చువేసి ఇచ్చారు. స్విచ్ వేయగానే తనను తాను పరీక్షించుకుని, మెమరీ తేడా అయితే 201, కీబోర్డు తేడా అయితే 301 అని తెర మీద చూపేది. తెర వెలగకపోతే బీప్‌లతో చెప్పేది. తర్వాత వచ్చిన క్లోన్ బోర్డులూ ఆ భాషను తమ తమ యాసల్లో పలికాయి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు సంగతి. ఏఎంఐలో మూడు పొట్టి బీప్‌లు వస్తే ర్యామ్ సంగతి. 1990ల చివరికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి, వైజాగ్ ద్వారకానగర్ నుంచి విడిభాగాలు కొని తెచ్చి అసెంబుల్ చేసే కుర్రాళ్లకు ఈ బీపులన్నీ కంఠతా వచ్చు.

ఉబ్బిన కెపాసిటర్ల కాలం

సరిగ్గా అప్పుడే ప్రపంచవ్యాప్తంగా బోర్డులు పిట్టల్లా రాలడం మొదలైంది. కంప్యూటర్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక బోర్డు చావులో రసాయనశాస్త్రం, వ్యాపారం, దొంగతనం మూడూ కలిసిన కథ ఇది.

ప్రాసెసర్ చుట్టూ బారుగా నిలబడే చిన్న డబ్బాలే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. పాత మెకానిక్‌లు వాటిని కండెన్సర్లంటారు. ప్రాసెసర్‌కు కావలసింది రెండు వోల్టుల లోపే. కరెంటు మాత్రం పదుల ఆంపియర్లలో తాగుతుంది. పవర్ సప్లయి నుంచి వచ్చే 12 వోల్టులను మోస్‌ఫెట్ అనే స్విచ్‌లు సెకనుకు లక్షల సార్లు తెంపి కలుపుతూ తగ్గిస్తాయి. ఆ ఎగుడుదిగుళ్లను కాయిల్, కెపాసిటర్లు కలిసి సాపు చేస్తాయి. ప్రాసెసర్ల ఆకలి పెరిగేకొద్దీ అడ్డు తక్కువగా ఉండే కెపాసిటర్లు అవసరమయ్యాయి. జపాన్ కంపెనీలు లోపలి ద్రవంలో నీటి పాలు బాగా పెంచి వాటిని చౌకగా తయారుచేశాయి. అయితే నీరు అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ చర్యలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది. దాన్ని అడ్డుకునే రసాయనాలు ద్రవంలో సరైన పాళ్లలో కలవాలి. అసలు రహస్యం ఆ పాళ్లలోనే ఉంది.

2002లో ‘పాసివ్ కాంపొనెంట్ ఇండస్ట్రీ’ పత్రిక, 2003 ఫిబ్రవరిలో ‘ఐఈఈఈ స్పెక్ట్రమ్’ పత్రిక ఈ గుట్టును బయటపెట్టాయి. అవి రాసిన కథ ఇలా ఉంది. జపాన్ కంపెనీలో పనిచేసిన ఒక శాస్త్రవేత్త చైనా కంపెనీలో చేరి అలాంటి ద్రవాన్నే తయారుచేశాడు. అతని కింద పనిచేసినవాళ్లు ఆ ఫార్ములా పట్టుకుని తైవాన్ తయారీదారుల దగ్గరకు వెళ్లారు. పట్టుకెళ్లిన ఫార్ములా అసంపూర్ణం. చెడిన కెపాసిటర్లను పరీక్షించినప్పుడు, నీటిని అదుపులో పెట్టాల్సిన రసాయనాలు అందులో లేవని తేలింది.

కొత్తలో ఆ డబ్బాలు మామూలుగానే పనిచేసేవి. నెలలు గడిచేకొద్దీ లోపల వాయువు నిండేది. అవి బాంబుల్లా పేలకుండా డబ్బా నెత్తిన ‘కె’ ఆకారంలోనో ప్లస్ గుర్తులాగానో సన్నని గాటు ఉంటుంది. ఆ గాటు దగ్గర మూత ఉబ్బేది, తర్వాత చిట్లి గోధుమరంగు జిగురు బయటికి వచ్చేది. ఏళ్ల తరబడి నిలవాల్సిన బోర్డులు కొన్ని నెలలకే మూలనపడ్డాయి.

అన్నిటికీ దొంగ ఫార్ములాయే కారణం అనడానికీ లేదు. డెల్ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో చెడిపోయినవి జపాన్‌కే చెందిన నిచికాన్ కెపాసిటర్లు. 2003 మే నుంచి 2005 జులై దాకా అమ్మిన 1 కోటీ 18 లక్షల కంప్యూటర్లకు ఈ ముప్పు ఉందని కోర్టు కాగితాల్లో బయటపడింది. మరమ్మతుల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. టెక్సస్ విశ్వవిద్యాలయం గణిత శాఖలో సిస్టమ్‌లు వరసగా పడిపోతే, కష్టమైన లెక్కలు చేయించి వాటిని అలసగొట్టారని కంపెనీ జవాబిచ్చినట్టు 2010 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ సిస్టమ్‌ల కేబినెట్ తెరిచి నెత్తి ఉబ్బిన డబ్బాలను చూసిన రిపేరు కుర్రాడు ఎవరైనా, ఏ ఊరివాడైనా అసలు కారణం వేలుపెట్టి చూపించేవాడు.

కాటా దగ్గరి సిస్టమ్

అలాంటి కుర్రాణ్ని పదిహేనేళ్ల కిందట కొత్తవలసలో చూశాను. లారీలు తూచే కాటా దగ్గర్నుంచి ఒక పెద్దాయన పాత సిస్టమ్‌ను గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. కాటా మీటరు సీరియల్ పోర్టుకు తగిలించాలి, బిల్లు కొట్టే డాట్‌మ్యాట్రిక్స్‌కు వెనక పెద్ద ప్యారలల్ పోర్టు కావాలి. అందుకే అలాంటి చోట్ల పాత బోర్డులను అంత తేలిగ్గా వదులుకోరు.

“బావూ, ఆన్ అవ్వట్నేదు. కొత్తది కొనీమంటన్నారు మా షావుకారు.”

“కంగారు పడకండి బాబాయ్. ఉన్నట్టుండి ఆగిపోనాదా, ముందునుంచీ ఏటైనా తేడా ఉందా?”

“నెల్లాళ్ల నుంచీ పొద్దుటిపూట నాలుగైదుసార్లు నొక్కితేగానీ లేవట్నేదు. ఓపాలి లేచిందంటే రాత్రి దాకా ఆడతది.”

కుర్రాడు తలూపాడు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక నడిచే బోర్డంటే కెపాసిటర్ల మీదికే అనుమానం పోతుంది. అయినా అతను వరస తప్పలేదు. ముందు సప్లయి చూశాడు. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో పిన్నీసు పెట్టి కలిపితే ఫ్యాను తిరిగింది. మీటరు పసుపు వైరు మీద 12కి దగ్గరగా చూపించింది. 11.4కూ 12.6కూ మధ్య ఉంటే మంచిదే. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ఊదా వైరు మీద 5 వోల్టులు ఉండాలి, ఉన్నాయి. సప్లయి డబ్బాను మాత్రం విప్పలేదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుందని, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదని పెద్దాయనకు చెప్పాడు.

తర్వాత బోర్డును కేబినెట్ నుంచి తీసి అట్ట మీద పెట్టాడు. అడుగున తప్పిపోయిన స్క్రూ ఒకటి తగిలినా బోర్డు షార్టయి చచ్చినట్టు నటిస్తుంది. సప్లయి, ప్రాసెసర్, దాని ఫ్యాను, స్పీకరు మాత్రం ఉంచి మిగతావన్నీ ఊడబీకాడు. ర్యామ్ కూడా లేకుండా స్క్రూడ్రైవర్ మొనతో పవర్ పిన్నులు కలిపాడు. బోర్డు బతికుంటే ర్యామ్ లేదని బీప్‌లతో గోల పెట్టాలి. మొదటి రెండుసార్లు ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి గోల పెట్టింది. అంటే ప్రాసెసర్, బయోస్ బాగున్నాయి. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పక్కన పెట్టాడు. 3 వోల్టులుండాల్సిన బటన్ సెల్ 2.5కి దిగింది, అదీ మార్చేశాడు. అప్పుడు టార్చి వేసి ప్రాసెసర్ పక్కన వరసను పక్కవాటుగా చూశాడు. మూడు డబ్బాల నెత్తి చదునుగా లేదు.

ఐరన్ 60 వాట్లది తీశాడు. బోర్డు లోపలి రాగి పొరలు వేడిని లాగేసుకుంటాయి కాబట్టి 25 వాట్లది చాలదు. పాత అతుకు మీద కొత్త సోల్డర్ కాస్త కరిగించి, ఒక్కో కాలును కొద్దికొద్దిగా వంచుతూ పైకి తీశాడు. రంధ్రాల్లో మిగిలిన సోల్డర్‌ను పుల్లతో తోసేశాడు. కొత్తవి పెట్టే ముందు మూడు సంగతులు సరిచూశాడు. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజీ అంతకు తగ్గకూడదు, 105 డిగ్రీలను తట్టుకునే, అడ్డు తక్కువగా ఉండే లో-ఈఎస్‌ఆర్ రకమే కావాలి. చారగీత ఉన్నవైపు నెగటివ్, అది తిరగబడితే కెపాసిటర్ పేలుతుంది. ఆ గీతను మాటిమాటికీ చూసుకున్నాడు.

స్విచ్ నొక్కగానే ఒకే ఒక్క పొట్టి బీప్ వచ్చింది. పెద్దాయన సంచి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఆ కుర్రాడు చేసినదాన్ని నేను శాస్త్రమే అంటాను. రోగి చెప్పింది విన్నాడు, తెలిసిన మంచిదాన్ని పక్కకు తప్పించాడు, ఒక్కసారికి ఒక్కటే పరీక్షించాడు, పరీక్షించిన ప్రతిసారీ ఫలితం చూశాడు.

ఇప్పటి బోర్డులు

తర్వాతి కథ ఇంత వరసగా సాగదు. సాలిడ్ పాలిమర్ కెపాసిటర్లు వచ్చి ఉబ్బడం తగ్గింది, దాంతో తప్పు కంటికి కనబడటం కూడా తగ్గింది. 2006 జులైలో యూరప్ సీసం మీద ఆంక్షలు పెట్టాక 183 డిగ్రీలకు కరిగే సోల్డర్ పోయి, 217 దాటితేగానీ కరగని సోల్డర్ వచ్చింది. చిప్‌ల కాళ్లు అడుగుకు వెళ్లి చిన్న సోల్డర్ గుండ్లయ్యాయి. వాటి అతుకులు చిట్లితే హాట్ ఎయిర్, స్టెన్సిల్ కావాలి. చాలా బోర్డులకు స్పీకరే ఇవ్వడం లేదు. ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికేస్తున్నారు. ఐబీఎం అచ్చువేసి ఇచ్చినలాంటి సర్క్యూట్ పటం ఇప్పుడు మామూలు కొనుగోలుదారు చేతికి దాదాపు రాదు.

వాతావరణం కూడా తన వంతు పని చేస్తుంది. మామూలు కెపాసిటర్‌కు 105 డిగ్రీల దగ్గర 2000 గంటల ఆయుష్షు రాస్తారు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 65 డిగ్రీల దగ్గర 32 వేల గంటలు వస్తాయి. దుమ్ము పట్టిన ఫ్యాను, మే నెల రేకుల షెడ్డు ఆ గంటలను కోసేస్తాయి. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలి రాగిని పచ్చబరుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు తడిసిన సిస్టమ్‌ల విషయంలోనూ రక్షించే సూత్రం ఒక్కటే. బోర్డు పూర్తిగా ఆరి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమయ్యేదాకా కరెంటు ఇవ్వకూడదు.

2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లోకి వచ్చాయి. రెండూ మంచివే. కానీ కాగితం మీది హక్కు బల్ల మీది పనిగా మారాలంటే చేసేవాడు ఉండాలి. డెస్క్‌టాప్‌లు బాగుచేసిన చేతులు చాలావరకు మొబైళ్ల వైపు, సీసీ కెమెరాల వైపు వెళ్లిపోయాయి. వాళ్లకు తెలిసినదంతా పుస్తకాల్లో దొరకదు.

విండోస్ 10 గడువు ఒక సాఫ్ట్‌వేర్ గడువు మాత్రమే. ఆ బోర్డుల మీద కెపాసిటర్లు, మోస్‌ఫెట్‌లు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. లైనక్స్ వేస్తే ఆ సిస్టమ్‌లు ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కాలేజీ ల్యాబుల నుంచి దిగిపోయేవాటిలో కొన్నిటిని వేలానికి పంపకుండా మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల బల్లల మీదికి చేర్చాలి. ఒక మీటరు, ఒక ఐరన్, చెడిన బోర్డు ఇచ్చి, తప్పెక్కడుందో రాసి చూపించమని విద్యార్థులను అడగాలి. నేర్పడానికి కొత్తవలసలో, ఎస్.కోటలో, విజయనగరంలో అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. వాళ్లను తరగతి గదికి గురువులుగా పిలవాల్సిన సమయం ఇదే.