హార్స్‌ని పోనీ అంటే... పోనీలే అనుకోవచ్చా?

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకి అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మేనల్లుడు ఇంటి దగ్గర పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి. "మామయ్యా, నేను చదువుతా విను" అంటూ బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి చకచకా చదివేస్తున్నాడు. ఒకచోట 'హార్స్' అని ఉంటే 'పోనీ' అన్నాడు. అనుమానం వచ్చి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ చదవరా అన్నాను. అంతే, బండి ఆగిపోయింది. "చెయ్యి తీస్తే చదువుతా" అన్నాడు!

అక్కేమో "వాళ్ళ టీచర్ని అడిగాలే. కథ అర్థమైతే చాలు, బొమ్మ చూసి ఊహించడం కూడా చదవడమేనంది" అని తేల్చేసింది.

నాకు మాత్రం పోనీలే అని ఊరుకోబుద్ధి కాలేదు. మనమంతా పలక మీద అ ఆలు దిద్ది, గుణింతాలు వల్లెవేసి వచ్చిన బ్యాచ్. అక్షరం చూసి శబ్దం పలకడం తప్ప చదవడానికి ఇంకో దారి ఉంటుందనే తెలీదు. ఓ వారం రోజులు దొరికిందల్లా చదివాక తేలిందేంటంటే, ఇది ఆ టీచరు తప్పు కాదు. దీని వెనక 180 ఏళ్ళ గొడవ ఉంది.

తెలుగులో 'క' రాస్తే 'క' అనే చదువుతాం. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలేమో దాదాపు 44. ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది. తంటా అంతా ఇక్కడే. 1840ల్లో మసాచుసెట్స్ విద్యా బోర్డు కార్యదర్శి హొరేస్ మన్ (అమెరికా పబ్లిక్ స్కూళ్ళకి పితామహుడంటారు), విడి అక్షరాలతో పిల్లల్ని విసిగించొద్దు, మాటని మాటగానే నేర్పండి అన్నాడు. బోస్టన్ మాస్టార్లు 1844లోనే ఎదురుతిరిగారు. అయినా కాలక్రమంలో మన్ గారి ఆలోచనదే పైచేయి అయింది. 1930ల నుంచి 'డిక్ అండ్ జేన్' వాచకాలు వచ్చాయి. అవే కొన్ని మాటలు పేజీపేజీకీ తిప్పితిప్పి, చూపుతోనే గుర్తుపట్టేలా చెయ్యడం వాటి పద్ధతి.

1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన 'వై జానీ కాంట్ రీడ్' అని పుస్తకం రాసి, శబ్దాలు నేర్పకపోతే పిల్లలకి చదువెలా వస్తుందని ఉతికి ఆరేశాడు. జనం ఎగబడి కొన్నారు, ప్రొఫెసర్లు కొట్టిపారేశారు. తర్వాత 1967లో తమాషా జరిగింది. ఆ ఒక్క ఏడాదే రెండు రచనలొచ్చాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, మొదట్లో అక్షరం-శబ్దం నేర్పితేనే ఫలితం బావుందని రాసింది. కెన్ గుడ్‌మన్ అనే ఆయనేమో చదవడమంటే ఊహించే ఆట అన్నాడు. చాలా బళ్ళకి రెండోదే నచ్చింది. నచ్చదా మరి? వల్లెవేతల్లేవు, మంచి కథల పుస్తకాలు ముందు పెడితే మాటల్లాగే చదువూ దానంతటదే వచ్చేస్తుందంటే ఎవరికి చేదు?

1987లో కాలిఫోర్నియా ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ మార్గదర్శకం చేసేసింది. 1994 జాతీయ పరీక్షల్లో నాలుగో తరగతి చదవడంలో ఆ రాష్ట్రం దాదాపు అట్టడుక్కి చేరింది. 1995లో చట్టం చేసి మరీ రోల్‌బ్యాక్ చేశారు. 1987లో విద్యాశాఖ నడిపిన బిల్ హోనిగ్, తర్వాత తనే మనసు మార్చుకుని శబ్దాల పద్ధతికి ప్రచారం చేశాడు. ఆ మాత్రం నిజాయితీ మన కోడ్ రివ్యూల్లో కూడా కనపడదు :)

2000లో జాతీయ నిపుణుల కమిటీ కూడా శబ్దాలు పద్ధతి ప్రకారం నేర్పాల్సిందేనని నివేదిక ఇచ్చింది. ఇక ఇష్యూ క్లోజ్ అనుకుంటాం కదా. అబ్బే! 'బ్యాలెన్స్‌డ్ లిటరసీ' అని కొత్త పేరుతో చాలాచోట్ల పాత కోడే మళ్ళీ రిలీజయింది. మావాడి 'పోనీ' అందులోదే.

ఇప్పుడు అసలు కథ. మిసిసిపీ అంటే అమెరికాలో కడు బీద రాష్ట్రం. నెట్‌స్కేప్ గుర్తుందా? ఆ కంపెనీ సీఈఓగా చేసిన జిమ్ బార్క్స్‌డేల్‌ది ఆ ఊరే. 2000లో అక్కడి పిల్లలకి చదవడం నేర్పడానికి 10 కోట్ల డాలర్లిచ్చాడు. 2013లో రాష్ట్రం చట్టం చేసింది: చిన్న తరగతుల నుంచే పరీక్షించి వెనకబడ్డవాళ్ళని పట్టుకోవడం, టీచర్లకి మళ్ళీ శిక్షణ, వెనకబడ్డ బళ్ళకి కోచ్‌లు, చదవడం రాకపోతే మూడో తరగతి దాటనివ్వకపోవడం. 2013లో నాలుగో తరగతి సగటు స్కోరు 209, దేశానిది 221. 2019కి రెండూ 219. 2024లో మిసిసిపీ 219 దగ్గరే నిలబడితే, దేశం 214కి జారింది.

మూడో తరగతిలో కొందర్ని ఆపేయడం వల్లే అంకెలు పెరిగాయని విమర్శ ఉంది. అందులో ఎంతోకొంత నిజం ఉండొచ్చు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి ఆ రాష్ట్రం 2024లో కూడా జాతీయ సగటు కన్నా కిందే ఉంది. కాబట్టి అద్భుతం అనను.

కానీ ఒక్క మాట. ఇన్నేళ్ళూ పిల్లవాడికి చదవడం రాకపోతే ఏమన్నారు? ఇంట్లో పేదరికం, పుస్తకాల్లేవు, తల్లిదండ్రులు పట్టించుకోరు... సర్వర్ పడిపోతుంటే 'యూజర్ ఎర్రర్' అని టికెట్ మూసేసినట్టు. మిసిసిపీలో పేదరికం ఎక్కడికీ పోలేదు. మారింది నేర్పే తీరే. డబ్బున్నవాళ్ళు ట్యూషన్ పెట్టి చడీచప్పుడు లేకుండా ఇంట్లోనే ప్యాచ్ వేసుకున్నారు. లేనివాళ్ళ పిల్లలే బలయ్యారు. 2024లో దేశం మొత్తం మీద నాలుగో తరగతి పిల్లల్లో 40 శాతం మంది కనీస స్థాయి కూడా అందుకోలేదు. వాళ్ళంతా మొద్దులా?

అక్క ఇప్పుడు రోజూ పావుగంట కూర్చోబెట్టి శబ్దాలు పలికిస్తోంది. మన గుణింతాల లెక్కే. మొన్న ఫోన్లో మావాడు 'హౌస్'కీ 'హార్స్'కీ తేడా నాకే పాఠం చెప్పాడు.

మీ ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తుంటే, ఈసారి బొమ్మ మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి.