బంగారు తల్లికి రాసిన లక్ష

ఆ లక్ష రూపాయలు చేతికి రావని మనకిప్పుడు తెలుసు. 2013 మే 1 నుంచి ఆస్పత్రుల్లో కళ్లు తెరిచిన ఆడబిడ్డలకు తెలీదు. తెల్లకార్డు పట్టుకుని, పచ్చి బాలింత నీరసంతోనే బిడ్డ పేరు రాయించుకున్న తల్లులకూ తెలీదు.

ఎంత ఆపేక్షగా అల్లారో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ‘బంగారు తల్లి’ పథకాన్ని! పుట్టగానే 2,500. టీకాలు వేయిస్తే ఏడాదికి వెయ్యి చొప్పున రెండేళ్లు. అంగన్‌వాడీకి వెళ్లే మూడేళ్లూ ఏటా 1,500. బడిలో చేరితే 2,000. తరగతితో పాటు పెరుగుతూ డిగ్రీకి వచ్చేసరికి ఏటా 4,000. ఇరవై ఒకటి నిండాక ఇంటరు పాసైన పిల్లకు 50,000, డిగ్రీ పూర్తిచేసిన పిల్లకు లక్ష. డిగ్రీ దాకా చదివితే అన్నీ కలిపి 1,55,500. మళ్లీ ఆడపిల్లేనా అని నిట్టూర్చే ఇళ్లలో సర్కారు ఇచ్చిన మాట అది. మాట చాలదని జూన్‌లో చట్టమే చేశారు.

జులై 30న తెలంగాణ ఏర్పాటు నిర్ణయం వెలువడింది. తొలి బిడ్డలకు అప్పటికి మూడు నెలలు, ఇంకా మెడ నిలవలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి రాజీనామా, మార్చి 1న రాష్ట్రపతి పాలన, జూన్ 2న రెండు రాష్ట్రాలు. ఆస్తులు పంచుకున్నారు, అప్పులు పంచుకున్నారు, ఉద్యోగుల్నీ ఫైళ్లనీ పంచుకున్నారు. పొత్తిళ్లలోని పిల్లలకిచ్చిన మాట మాత్రం ఎవరి వాటాకూ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పథకానికి ‘మా ఇంటి మహాలక్ష్మి’ అని పేరు మార్చారు. చివరికి రెండు చోట్లా మూలనపడింది.

నేరమంతా విభజన మీదికి నెట్టడం సులువు. కానీ బతికించే దారి ఒకటుండేది, తలచుకుంటే గుండె కలుక్కుమనేది అందుకే. 2005 నాటి బాలికా సంరక్షణ పథకంలో ప్రభుత్వం ముందే ఎల్‌ఐసీకి సొమ్ము కట్టేది. బిడ్డ పేర బాండు ఇంటికొచ్చేది. ఒక్కతే కూతురైతే ఇరవై ఏళ్లు నిండాక లక్ష, ఇద్దరైతే చెరో 30,000. తల్లి ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద దాచుకోగలదు. ముఖ్యమంత్రి మారినా బాండు మీది అంకె మారదు. బంగారు తల్లి వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది. ఏటికేడు బడ్జెట్‌లోంచి ఇద్దామనుకున్నారు. ఇరవై ఒక్క బడ్జెట్లూ తమ మాట వింటాయనుకున్నారు. పుట్టిన వారానికే ఎంతో కొంత ఆ పసిదాని పేర జమ చేసి ఉంటే, రాష్ట్రం ఎన్ని ముక్కలైనా ఆ డబ్బు ఆ పిల్లదే అయ్యేది.

2034 మే 1న ఆ తొలి బిడ్డలకు ఇరవై ఒకటి నిండుతాయి. చట్టం రాసిచ్చిన లక్ష వాళ్ల పేర ఏ బ్యాంకులోనూ లేదు.