పాత ట్రాక్టరు లిఫ్టు గడ్డి కోయగలదా?

అనంతపురము జిల్లాలోని యాడికి ప్రాంతము మెట్టసీమ. ఈ జిల్లాలో ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ కట్టె, జొన్నచొప్ప, వానకు మొలిచిన గడ్డి, ఇవే ఇక్కడి పశువులకు ఆధారము. గడ్డిని ముదరకముందే కోసి, ఎండబెట్టి, వామి వేసికొన్న రైతుకు కరువునాడు పశువులు దక్కును. ఆలస్యము చేసినవాడు వాటిని సంతకు తోలవలసివచ్చును.

కొడవలికోత నిదానము. ఊరిలోని పాత ట్రాక్టరు లిఫ్టు బరువైన గొర్రును కూడ సునాయాసముగా ఎత్తును. ఆ లిఫ్టు నూనెతోనే గడ్డికోత యంత్రమును నడపరాదా? దీనికి సమాధానము లిఫ్టు పుట్టిన చరిత్రలోనే ఉన్నది.

మూసిన పాత్రలోని ద్రవముపై కలిగిన పీడనము అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దములో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పాస్కల్ తెలిపినాడు. దీని ఆధారముగా 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పీడన యంత్రమునకు పేటెంటు పొందినాడు. చిన్న ముషలకముపై వేసిన కొద్ది బలము పెద్ద ముషలకముపై గొప్ప బలమగును. కాని బలము పెరిగినంతగా కదిలే దూరము తగ్గును.

ఈ సూత్రమును ఐర్లండు ఇంజనీరు హారీ ఫెర్గూసన్ ట్రాక్టరుకు తెచ్చినాడు. 1926లో ఆయన పొందిన పేటెంటు నాగలిని ట్రాక్టరుకు తగిలించి, దున్నే లోతును దానంతట అదే సరిచేయుటకు సంబంధించినది. 1946లో వచ్చిన ఫెర్గూసన్ టి.ఇ.20 ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చినది. 1960లో మద్రాసులో స్థాపితమైన టాఫే సంస్థ ద్వారా ఆ వంశపు ట్రాక్టర్లు మన దేశములోనే తయారైనవి.

గమనించండి: ఆ పంపు ఎత్తుటకు పుట్టినది, ఎడతెగక త్రిప్పుటకు కాదు. ఎత్తుటకు పీడనము చాలును. త్రిప్పుటకు పీడనముతోపాటు నూనె ప్రవాహమును కావలెను. ఒక పంపు చదరపు సెంటీమీటరుకు 150 కిలోగ్రాముల పీడనముతో నిమిషమునకు 12 లీటర్ల నూనె పంపుననుకొందము. రెంటినీ గుణించి లెక్కించిన దాని సామర్థ్యము సుమారు 3 కిలోవాట్లు, అనగా 4 అశ్వశక్తులు. గొట్టములలో, మోటారులో కొంత నష్టమై నూనెను వేడెక్కించును. ముందు వెనుకలకు ఆడే పళ్ళ కోతబద్దకు మీటరు వెడల్పునకు ఒకటి, ఒకటిన్నర కిలోవాట్లు చాలవచ్చును. గిర్రున తిరిగే పళ్ళెముల యంత్రమునకు 5 కిలోవాట్ల వరకు కావలెను. కనుక మొదటిది కష్టము మీద నడచును, రెండవది నడువదు.

మరి కోతకు శక్తి ఎక్కడిది? 1918లోనే అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ, ఇంజను శక్తిని నేరుగా పనిముట్టుకు అందించే పి.టి.ఓ. షాఫ్టును తన ట్రాక్టరుకు అమర్చినది. కత్తిని షాఫ్టు త్రిప్పును, కోతబద్దను నూనె ఎత్తును. పాత టి.ఇ.20లో ఈ రెండింటికీ ఒకటే క్లచ్. మలుపులో దానిని తొక్కినచో కత్తియు ఆగును, లిఫ్టు పంపును ఆగును. తరువాతి 35 నమూనాలో వచ్చిన రెండంచెల క్లచ్ ఈ చిక్కును తీర్చినది.

ఒక హెచ్చరిక. గొట్టమునకు సూదిబెజ్జము పడినను అందుండి చిమ్మే నూనె చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. దానిని వ్రేలితో వెదకరాదు, అట్టముక్కతో చూడవలెను. ఎత్తి ఉంచిన యంత్రము క్రిందికి ఎన్నడును దూరరాదు.

పాత యంత్రమును అది ఎందుకు పుట్టినదో తెలిసి వాడినచో యాడికి రైతు వామి సకాలములో నిలుచును.