రాజముద్ర మొదలు పాస్‌పోర్టు వఱకు

దేశము దాటువానికి రాజాజ్ఞ కావలెననుట నేటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, రెండవ అధికరణమందు, ముద్రాధ్యక్షుడను అధికారి గలడు. ఒక మాషము రుసుము గైకొని అతడు ముద్ర నొసగును. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశించుటకును, వెడలుటకును అర్హుడు. ముద్ర లేని స్వదేశీయునకు 12 పణముల దండనము. దొంగముద్ర పట్టువడినచో దండన మంతకంటె హెచ్చు.

ఆంగ్లేయుల యేలుబడిలో 1920వ సంవత్సరపు చట్టము ఈ దేశమునకు వచ్చువారిని గూర్చినది. 1937 వఱకు బర్మా ఈ దేశ ప్రభుత్వములోనిదే గావున మన తీరమునుండి రంగూనుకు కూలికి బోయినవారు పరదేశమునకు బోయినట్లు కాదు. వెడలువారికి పాస్‌పోర్టు నిచ్చుటయు, మానుటయు స్వాతంత్ర్యానంతరము గూడ చిరకాలము ప్రభుత్వము చిత్తమే.

ఈ స్థితి 1967 ఏప్రిల్ 10వ తేదీన మాఱెను. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా నున్న ధర్మాసనమున ఐదుగురిలో మువ్వురు, విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమనియు, చట్టము లేక దానిని అడ్డగింపరాదనియు తీర్పు చెప్పిరి. ఆ జూనులోనే పాస్‌పోర్టు చట్టము వెలసెను. నిరాకరించు అధికారి సామాన్యముగా కారణమును వ్రాసి యుంచవలెను.

నేడు దరఖాస్తు, పత్రముల పరిశీలన, పోలీసు విచారణ యను మూడు మెట్లు గలవు. పేరో, పుట్టిన తేదీయో, నివాసమో పత్రములలో పొసగనిచో జాగు తప్పదు. తత్కాల్ పద్ధతిలో పోలీసు విచారణ తఱచుగా పాస్‌పోర్టు ఇచ్చిన పిదపనే జరుగును.

బడిపంతులుగా నేను చెప్పగల హిత మొక్కటియే: పిల్లవానిని బడిలో చేర్చునాడే పేరును, పుట్టిన తేదీని సరిచూచి వ్రాయింపుడు. హక్కు న్యాయస్థానము నిచ్చినదైనను, దానిని అనుభవమునకు దెచ్చునది ఆ వ్రాతయే.